ఆ ఫారంలో అబద్ధం రాయకండి

ఈ సెలవుల్లో కరీబియన్ క్రూయిజ్‌కి వెళ్తూ, దారిలో ఏదో ఒక దీవిలో స్కూబా డైవింగ్‌కి డబ్బు కట్టినవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. కట్టబోతున్నవాళ్ల కోసం కూడా. థాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్, గాల్వెస్టన్ రేవుల నుంచి ఓడలు కిక్కిరిసి బయల్దేరతాయి. వాటిలో మనవాళ్లు తక్కువేం ఉండరు. డల్లాస్, హ్యూస్టన్ తెలుగు కుటుంబాలకు గాల్వెస్టన్ కారులో వెళ్లిపోయేంత దూరం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లనీ వెంటబెట్టుకుని, ఇంకో రెండు కుటుంబాలను కలుపుకుని వెళ్లడం మామూలైపోయింది. ఓడ కోజుమెల్‌లోనో నసావులోనో ఆగే కొద్ది గంటల్లో ఏమేం చేయొచ్చో చెప్పే జాబితాలో స్కూబా ఉంటుంది. పక్కనే “అనుభవం అక్కర్లేదు” అని ఉంటుంది. ఆ ఒక్క మాట చూసి నీళ్లలోకి దిగకండి. ఒంట్లో ఉన్న జబ్బు దాచి, తీరిగ్గా నేర్చుకోకుండా దిగితే ప్రాణం పోవచ్చు.

రేవులో జరిగేది ఇదీ. ఓడ దిగి, ఎండలో నడిచి, డైవింగ్ షాపు చేరేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. అట్టకి తగిలించిన రెండు మూడు కాగితాలు చేతిలో పెడతారు. మొదటి కాగితం నిండా ఆరోగ్యం గురించిన ప్రశ్నలు. గుండె జబ్బు ఉందా, ఉబ్బసం ఉందా, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, చెవికి ఆపరేషన్ అయిందా, షుగర్ ఉందా, గర్భవతా, 45 ఏళ్లు దాటి బీపీ గానీ కొలెస్ట్రాల్ గానీ సిగరెట్ అలవాటు గానీ ఉన్నాయా? ప్రతిదానికీ ఎదురుగా అవును, కాదు అని రెండు గళ్లు. వీటిలో చాలా ప్రశ్నలకు ఒక్క ‘అవును’ పెట్టినా డాక్టర్ సంతకం లేనిదే నీళ్లలోకి దింపకూడదు. రేవులో డాక్టర్ ఎక్కడ దొరుకుతాడు? కట్టిన డబ్బు అప్పటికప్పుడు వెనక్కి రాదు. పడవ ఇంజన్ ఆన్ చేసి ఉంటుంది, మిగతావాళ్లు మీకోసమే ఎదురుచూస్తుంటారు. వెనకనుంచి ఎవరో ఒకరు అంటారు, “అన్నిటికీ నో పెట్టెయ్ బావా, అందరూ అదే చేస్తారు” అని. పైనుంచి కింది దాకా ‘నో’ గళ్ల మీదుగా ఒకటే గీత. అడుగున సంతకం. రెండో కాగితం, ఏం జరిగినా మా బాధ్యత కాదని మీచేత ఒప్పించుకునేది. దాన్ని చదివేవాళ్లు తక్కువ.

ప్రమాదం చాలాసార్లు మొదలయ్యేది ఆ గీత దగ్గరే. నీళ్లలో మీ పక్కన ఉండే ఇన్‌స్ట్రక్టర్‌కి మీ గురించి తెలిసిందల్లా ఆ కాగితంలో ఉన్నదే. మీకు స్టెంట్ ఉందని తెలిస్తే అతను మిమ్మల్ని దింపేవాడే కాదు. తెలియదు కాబట్టి, ఆయాసపడుతున్న మిమ్మల్ని చూసి కొత్తవాళ్ల కంగారే అనుకుంటాడు.

మన ఇళ్లలో మొహమాటం ఎక్కువ. అల్లుడు నెలల ముందే డబ్బు కట్టేశాడని తెలిసిన మామగారు, పదిమంది ముందు “నాకు గుండె ఆపరేషన్ అయింది కదా బాబూ, నేను రాను” అనలేరు. పిల్లలు సరదా పడుతున్నారు కదా, కాసేపే కదా అనుకుని జాకెట్ తొడుక్కుంటారు. నలభై ఏళ్ల కొడుకు తను బీపీ మాత్ర వేసుకుంటున్న సంగతి స్నేహితులకు చెప్పి ఉండడు. ఇంకొకరికి చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, ఇప్పుడు లేదు కదా అని వదిలేస్తారు. ఇలా నోరు విప్పలేనివాళ్లను రేవులో అడిగి ప్రయోజనం లేదు. టికెట్లు బుక్ చేసే మనిషే ఇంట్లో, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని అడగాలి. “వద్దనుకుంటే చెప్పండి, మీరూ నేనూ ఒడ్డున కూర్చుందాం” అన్న మాట ముందే వాళ్ల చెవిన వేయాలి.

ఆ ప్రశ్నలు ఊరికే పెట్టినవి కావు. మెడదాకా నీళ్లలో మునగగానే, ఇంకా కిందికి వెళ్లకముందే, కాళ్లలోని రక్తం ఛాతీ వైపు తోసుకొస్తుంది. గుండె మీద భారం పెరుగుతుంది. దానికి వీపున సిలిండర్, నడుముకు బరువులు, ఎదురు అలలో ఈత, గుండెల్లో గుబులు తోడవుతాయి. డైవింగ్ మరణాల వెనక ఉండే ప్రధాన కారణాల్లో గుండె ఒకటి. నీట మునిగి చనిపోయారని రాసిన కేసుల్లోనూ ముందు దెబ్బతిన్నది గుండె అయి ఉండొచ్చు. మనవాళ్లకు, అంటే దక్షిణాసియా వాళ్లకు, గుండె రక్తనాళాల జబ్బు మిగతావాళ్లకంటే చిన్న వయసులోనే వస్తుందని డాక్టర్లు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. “నాన్నగారు రోజూ గంట వాకింగ్ చేస్తారండీ” అన్న భరోసా సముద్రంలో సరిపోదు. బీపీ ఉన్నవాళ్లకు ఇంకో ముప్పు ఉంది. నీళ్లలో ఉండగానే రక్తంలోంచి ద్రవం ఊపిరితిత్తుల్లోకి ఊరడం మొదలవుతుంది. దగ్గు, నురగ, గాలి అందకపోవడం. సిలిండర్లో గాలి నిండుగా ఉన్నా మనిషికి ఊపిరాడదు. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు నీటి అడుగున లో షుగర్ వస్తే, ఆ తికమకను ఎవరూ పోల్చుకోలేరు, నోట్లో చాక్లెట్ పెట్టే వీలూ ఉండదు. ఉబ్బసం ఉంటే ఊపిరితిత్తుల్లో ఏదో ఒక మూల గాలి చిక్కుకుపోతుంది. పైకి వచ్చేటప్పుడు ఆ గాలే ప్రాణం మీదికి తెస్తుంది.

అది ఎలాగో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ జబ్బూ లేనివాళ్లను కూడా చంపేది ఇదే. సముద్రంలో పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడ పీల్చుకున్న నిండు ఊపిరి, పైకి వచ్చేసరికి రెండింతల చోటు ఆక్రమించాలని చూస్తుంది. మామూలుగా ఊపిరి తీసుకుంటూ వదులుతూ నెమ్మదిగా వస్తే ఏ ఇబ్బందీ లేదు, ఎక్కువైన గాలి నోట్లోంచి పోతుంది. ఇప్పుడు ఎనిమిది మీటర్ల లోతులో మొదటిసారి దిగిన ఒక మనిషిని ఊహించండి. కళ్లకున్న మాస్క్ అంచు కొంచెం జారింది. ఉప్పునీళ్లు కళ్లలోకి, ముక్కులోకి వచ్చాయి. తల కొంచెం పైకెత్తి, మాస్క్ పై అంచు నొక్కిపట్టి, ముక్కుతో గాలి ఊదితే నీళ్లన్నీ కిందినుంచి పోతాయి. గంట క్రితం అది చూపించారు, తనూ ఒకసారి చేశాడు. కానీ ముక్కులోకి నీళ్లు పోగానే ఒళ్లు తన మాట వినదు. ఊపిరి బిగబట్టేస్తాడు, తల పైకెత్తి వెలుగు వైపు కాళ్లు తన్నుకుంటూ దూసుకొస్తాడు. ఈతరాని మనిషి, నీళ్లంటే భయమున్న మనిషి చేసేది సరిగ్గా అదే. చివరి కొన్ని మీటర్లలోనే గాలి అన్నిటికంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. బిగబట్టిన ఊపిరితో ఊపిరితిత్తి చిరిగి, గాలి బుడగ రక్తంలో పడి మెదడుకు చేరితే, నీటిపైకి తేలిన నిమిషాల్లోనే మనిషి పక్షవాతం వచ్చినట్టు పడిపోవచ్చు. ఇందుకు మనిషెత్తు లోతు కూడా అక్కర్లేదు, మీటరున్నర చాలు. “మెడలోతు నీళ్లేగా” అన్న ధైర్యం అందుకే పనికిరాదు.

స్కూబా అనగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న షార్క్‌ల గురించి. భయపడాల్సింది బిగబట్టిన ఊపిరికి.

అనుభవం లేనివాళ్లకు క్రూయిజ్‌లలో అమ్మేది కోర్సు కాదు, రుచి చూపించడం. అరగంట పాఠం, మెడలోతు నీళ్లలో కొద్దిసేపు సాధన, ఆ తర్వాత సముద్రం. ప్యాడి అనే పెద్ద శిక్షణ సంస్థ నియమాల ప్రకారం ఇలాంటి పరిచయ డైవ్‌లో 12 మీటర్లకు మించి దింపకూడదు, సముద్రంలో ఇన్‌స్ట్రక్టర్ ఒక్కరే ఉంటే నలుగురికి మించి వెంట తీసుకెళ్లకూడదు. పదేళ్ల పిల్లల్ని కూడా అనుమతిస్తారు. చాలాచోట్ల ఈత వచ్చో రాదో పరీక్షించరు. మంచి షాపులో, మంచి ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఇది చక్కటి అనుభవమే. చిక్కల్లా టైముతో. ఓడ సాయంత్రం నాలుగింటికో ఐదింటికో కదిలిపోతుంది, అంతకు అరగంట ముందే ఎక్కేయాలి. సొంతంగా బుక్ చేసుకున్నవాళ్ల కోసం ఓడ ఆగదు. చెవి సర్దుకోలేదు, ఇంకోసారి ప్రయత్నిద్దాం అనడానికి, మాస్క్‌లో నీళ్లు ఊదడం మరో పదిసార్లు చేయడానికి ఆ గడియారంలో చోటుండదు. అందరూ ఒకేసారి దిగాలి, ఒకేసారి రావాలి.

చెవుల సంగతీ తేలిగ్గా తీసుకోకండి. రెండు మూడు మీటర్లకే గూబలో నొప్పి మొదలవుతుంది. ముక్కు మూసి మెల్లగా ఊదుతూ ఒత్తిడి సర్దుకుంటేనే కిందికి వెళ్లాలి. ఓడలో ఉండగా జలుబు చేసినవాళ్లకు ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. అయినా బలవంతంగా దిగితే కర్ణభేరి పగులుతుంది, చల్లటి నీళ్లు లోపలికి పోయి కళ్లు తిరుగుతాయి, ఎటు పైనో ఎటు కిందో తెలియదు. జలుబు మాత్ర వేసుకుని దిగడం ఇంకా ప్రమాదం, లోతులో ఉండగా దాని ప్రభావం తగ్గిపోతే లోపలి గాలి బయటికి రాలేదు. ఓడ ఊగుతోందని వేసుకునే మాత్రల్లో చాలావాటికి మగత వస్తుంది. రాత్రి తాగిన మందు సంగతి వేరే చెప్పాలా? డ్రింక్స్ ప్యాకేజీ కొన్నవాళ్లు మర్నాడు పొద్దున్నే డైవింగ్‌కి బయల్దేరకూడదు.

ఇక నైట్రోజన్. ఒత్తిడి కింద పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరిగి ఉంటుంది. గబగబా పైకి వచ్చేస్తే, గోలీసోడా కొట్టినప్పుడు బుడగలు లేచినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. అందుకే నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా పైకి రావాలని, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలని నేర్పుతారు. పైకి వచ్చాక కూడా మిగిలిన నైట్రోజన్ గంటల తరబడి ఒంట్లో ఉంటుంది. విమానం క్యాబిన్‌లో ఒత్తిడి తక్కువ, దాదాపు రెండువేల మీటర్ల కొండ మీద ఉన్నట్టు. ఒక్కసారే డైవ్ చేస్తే 12 గంటలు, రోజుకు రెండు మూడుసార్లో వరసగా కొన్ని రోజులో చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవర్ల వైద్య సహాయ సంస్థ డాన్ చెబుతుంది. ఓడ దిగిన రోజే ఇంటికి విమానం ఉన్నవాళ్లు చివరి రేవులో చేసే డైవ్‌ని ఈ లెక్కతో చూసుకోవాలి.

ఏదైనా జరిగితే? ఓడలోని ఆస్పత్రి మీద ఆశ పెట్టుకోకండి. ఒంట్లో లేచిన ఆ బుడగలు తెచ్చే జబ్బుకు అసలు చికిత్స రీకంప్రెషన్ ఛాంబర్‌లో జరుగుతుంది. అది ఉక్కు గది. రోగిని లోపల పెట్టి, 18 మీటర్ల లోతులో ఉన్నంత ఒత్తిడి కల్పించి, ఆక్సిజన్ ఇస్తూ దాదాపు ఐదు గంటలు మెల్లగా బయటికి తెస్తారు. మామూలుగా క్రూయిజ్ ఓడల్లో అలాంటి గది ఉండదు. కోజుమెల్, గ్రాండ్ కేమన్, రోఆటన్ లాంటి డైవింగ్‌కి పేరుపడ్డ దీవుల్లో ఉంది. అది లేని చిన్న దీవి నుంచి తక్కువ ఎత్తులో ఎగిరే ఎయిర్ అంబులెన్స్‌లో తీసుకెళ్లాలి, దానికి పదుల వేల డాలర్లు కావొచ్చు. ఈలోగా ఓడ వెళ్లిపోతుంది. భార్యాపిల్లలు ఓడలో, మీరు మెక్సికోలో ఏదో ఆస్పత్రిలో. ఇండియన్ పాస్‌పోర్ట్ క్యాబిన్‌లోని లాకర్‌లో ఉంటే తిరిగి అమెరికా ప్రవేశించడం మరో తలనొప్పి.

బీమా ఉంది కదా అనుకునేవాళ్లు ఇవాళే ఆ కాగితాలు తీసి చదవండి. ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రుల కోసం కొనే విజిటర్స్ ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావాటిలో స్కూబా మినహాయింపుల జాబితాలో ఉంటుంది. ఎప్పటినుంచో ఉన్న జబ్బు కూడా ఆ జాబితాలోనే. ఫారంలో ‘నో’ పెట్టిన జబ్బు ఆస్పత్రి రికార్డులో బయటపడితే క్లెయిమ్ సంగతి ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అమెరికా ఉద్యోగాల ద్వారా వచ్చే బీమా కూడా దేశం దాటితే ఎంతవరకు పనిచేస్తుందో అడిగి తెలుసుకోవాల్సిందే.

“ఓడవాళ్లే అమ్మారండీ, వాళ్లు చూసుకోరా?” అని చాలామంది అడుగుతారు. ఓడ టికెట్‌తో వచ్చే కాంట్రాక్ట్ చదవండి. ఒడ్డున జరిగే విహారాలు నడిపేది వేరే స్వతంత్ర సంస్థలనీ, వాటి తప్పులకు తమ పూచీ లేదనీ అందులో రాసి ఉంటుంది. కేసు వేయాలంటే చాలా పెద్ద కంపెనీల విషయంలో మయామీ కోర్టుకే వెళ్లాలి, అదీ ఏడాదిలోపు. ఓడలో అమ్మినంత మాత్రాన ఆ యాత్ర సురక్షితమని కాదు. 2019 డిసెంబర్ 9న న్యూజిలాండ్‌లోని వైట్ ఐలాండ్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ దీవి మీద 47 మంది ఉన్నారు. వాళ్లలో 38 మంది ‘ఒవేషన్ ఆఫ్ ద సీస్’ అనే క్రూయిజ్ ఓడ నుంచి విహారానికి వచ్చినవాళ్లే. మొత్తం 22 మంది చనిపోయారు. పేలుడుకు మూడు వారాల ముందే అక్కడ అప్రమత్తత స్థాయి పెంచారు, అయినా యాత్ర ఆగలేదు. కరీబియన్‌లోనే చూస్తే, 2023 నవంబర్‌లో నసావు దగ్గర బ్లూ లగూన్ దీవికి పర్యాటకుల్ని తీసుకెళ్తున్న పడవ మునిగి ఒక వృద్ధురాలు చనిపోయింది. బహమాస్‌లో పర్యాటక పడవల మీద నియంత్రణ ఒకేలా ఉండదని, కొన్నిటి నిర్వహణ సరిగా ఉండదని అమెరికా విదేశాంగ శాఖ తన ప్రయాణ సూచనల్లోనే రాసింది.

సర్టిఫికేషన్ కార్డు ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. ఐదేళ్ల క్రితం గోవాలోనో అండమాన్‌లోని హ్యావ్‌లాక్ దీవిలోనో తీసుకున్న కార్డు జేబులో ఉందని కోజుమెల్‌లో దిగకండి. అక్కడ డైవింగ్ అంటేనే ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ చేసేది. నీరు మిమ్మల్ని మోసుకెళ్తుంది, పడవ మీ వెనకే వస్తుంది. గుంపు నుంచి విడిపోతే పైకి వచ్చాక పడవలు తిరిగే దారిలో ఉంటారు. ముందు ఒక రిఫ్రెషర్ చేయండి. పడవవాళ్లు తలలు ఎలా లెక్కపెడుతున్నారో చూడండి. 1998లో ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర ఒక పడవ లెక్క తప్పి ఇద్దరు డైవర్లను సముద్రంలోనే వదిలి వచ్చేసింది. రెండు రోజుల దాకా ఎవరూ గుర్తించలేదు. వాళ్లు దొరకలేదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచే పడవ ఎక్కండి, వేళ్లు చూపిస్తూ లెక్కపెట్టేదాన్ని కాదు.

సముద్రం అడుగున పగడాలను చూడాలన్న కోరిక తప్పు కాదు. దానికి దారి ఇంటి దగ్గరే మొదలవుతుంది. మీ ఊళ్లోని డైవింగ్ షాపులో పాఠాలు, ఈతకొలను సాధన పూర్తిచేసి, మిగిలిన నాలుగు సముద్ర డైవ్‌లు దీవిలో చేసే రెఫరల్ పద్ధతి ఉంది. అప్పుడు మాస్క్‌లోకి నీళ్లు రావడం మీకు కొత్త కాదు. దిగేముందు ఇన్‌స్ట్రక్టర్‌ని మూడు ప్రశ్నలడగండి. ఎంతమందిని తీసుకెళ్తున్నారు, పడవలో ఆక్సిజన్ ఉందా, దగ్గర్లో ఛాంబర్ ఎక్కడ. చెప్పడానికి విసుక్కుంటే డబ్బు పోయినా సరే వెనక్కి వచ్చేయండి. నీళ్లలో మీ గాలి గేజ్ మీరే చూసుకోండి. నిండు సిలిండర్ సుమారు 200 బార్ ఉంటుంది, 50 మిగిలి ఉండగానే పడవలో ఉండాలి. పైకి వచ్చి ఇబ్బంది పడితే జాకెట్‌లో గాలి నింపి, నడుము బరువులు వదిలేయండి. చనిపోయినవాళ్లలో చాలామంది ఒంటి మీద ఆ బరువులు అలాగే ఉండటం దర్యాప్తుల్లో మళ్లీ మళ్లీ కనిపించింది.

డైవ్ తర్వాత ఒకటి రెండు రోజులు మీ మనిషిని గమనిస్తూ ఉండండి. కీళ్ల నొప్పి, చేతులూ కాళ్లూ తిమ్మిరి, ఎన్నడూ లేని నీరసం, కళ్లు తిరగడం, మూత్రం రాకపోవడం, చర్మం మీద మచ్చలు – వీటిలో ఏది కనిపించినా ఈతకొట్టిన అలసటే అనుకుని పడుకోబెట్టకండి. ఆక్సిజన్ పెట్టించి డాన్ అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. +1 919 684 9111. ఏ వేళలోనైనా డైవింగ్ వైద్యం తెలిసినవాళ్లు పలుకుతారు, దగ్గర్లోని ఛాంబర్‌కు దారి చెబుతారు, సభ్యులు కానివాళ్లకు కూడా.

ఇప్పటికే బుక్ చేసి ఉంటే, మీ బృందంలో ఎవరికి బీపీ, షుగర్, ఉబ్బసం, గుండె సమస్య ఉన్నాయో ఈ వారంలోనే అడిగి తెలుసుకోండి. ఆ ఆరోగ్య ప్రశ్నల ఫారం డైవింగ్ సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. ప్రింట్ తీసి మీ డాక్టర్‌కి చూపించండి. ఆయన సంతకం పెట్టకపోతే ఆ ఒక్కరి డైవింగ్ టికెట్ రద్దు చేయండి. ఓడ ఎక్కకముందు రద్దు చేసుకుంటే విహారానికి కట్టిన డబ్బు మామూలుగా వెనక్కి వస్తుంది. అదే రోజుకు గ్లాస్ బాటమ్ పడవ టికెట్ తీసుకుంటే అమ్మమ్మ, తాతయ్య కూడా కూర్చుని పగడాలు చూడొచ్చు.